ఛాతీలో కారుతున్న రక్తాన్ని తొడ దగ్గర గాటుతో ఆపారు: ఎంబోలైజేషన్ మీద నా రివ్యూ

ఎంబోలైజేషన్ అంటే రక్తం కారుతున్న నాళాన్ని, సన్నటి గొట్టం పంపి లోపలి నుంచే మూసేయడం. ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గింది చికిత్స వల్ల కాదు, దాని గురించి మాకు చెప్పిన తీరు వల్ల. ఫోన్ కొనేముందు నలభై రివ్యూలు చదువుతాం గానీ ఐసీయూ బయట నిలబడి రెండు నిమిషాల్లో సంతకం పెట్టాల్సినవాటి గురించి మనకి ఒక్క ముక్క కూడా తెలీదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, పేషెంట్ తరఫు మనిషిని. మీ పేషెంట్‌కి ఏది సరిపోతుందో మీ డాక్టరే చెప్పాలి.

పేషెంట్ మా బాబాయి. అరవై దాటిన మనిషి, గుండె లయ సరిగా లేదని చాలాకాలంగా వార్ఫరిన్ అనే రక్తం పల్చబడే మందు వాడుతున్నారు. మెట్ల మీద జారి ఎడమవైపుకి పడ్డారు. మొదటి ఎక్స్‌రేలో ఎనిమిదో, తొమ్మిదో పక్కటెముకల్లో పగుళ్లు తప్ప ఇంకేం కనపడలేదని నొప్పి మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. పక్కటెముక విరిగితే కట్టు కట్టరు, దానంతట అదే అతుక్కోవాలి, కాబట్టి పంపేయడంలో వింత లేదు. కానీ రక్తం పల్చబడే మందు వాడేవాళ్లకి రక్తస్రావం ఆలస్యంగా కూడా మొదలవ్వచ్చు, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకుండా రండి అని ఆ చీటీ మీద ఒక్క లైను రాసుంటే ఎంత బాగుండేది! కొన్ని రోజులకి ఒక రాత్రి పడుకోలేక లేచి కూర్చున్నారు, మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది, ఒళ్లంతా చల్లటి చెమట. ఈసారి తీసిన ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి ఉండాల్సిన చోట కింద సగం తెల్లగా ఉంది.

దీన్ని హీమోథొరాక్స్ అంటారు. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య మామూలుగా పలుచటి తడి పొర తప్ప ఏమీ ఉండదు, అక్కడ రక్తం చేరి ఊపిరితిత్తిని నొక్కేయడం. ఇందులో భయపెట్టే సంగతేంటంటే, చెయ్యి తెగితే రక్తం కనపడుతుంది, కట్టు బిగిస్తే ఆగుతుంది, ఇక్కడ కనపడదు, బిగించడానికి వీల్లేదు, ఒకవైపు ఛాతీలోనే ఒంట్లో రక్తంలో మూడోవంతుకి పైగా పట్టేంత చోటుంటుంది. కూర్చోబెట్టి తీసిన ఎక్స్‌రేలో కూడా సుమారు 200 నుంచి 300 మిల్లీలీటర్లు చేరితేగాని తేడా తెలీదట, పడుకోబెట్టి తీస్తే అంతకంటే ఎక్కువ ఉన్నా దాగిపోవచ్చు. ప్రమాదాల్లోనే కాదు, సూదితో ఛాతీలో నీరు తీసేటప్పుడు పక్కటెముకల మధ్య ధమనికి గుచ్చుకున్నా, రక్తనాళం గోడ పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బులున్నా, ఏ దెబ్బా తగలకుండానే ధమని ఉబ్బి పగిలినా ఇదే పరిస్థితి వస్తుంది.

ముందు పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేశారు, అక్కడ అందరూ ఐసీడీ అంటారు. సీసాలోకి ఎర్రగా వచ్చింది. వార్ఫరిన్ ప్రభావం తగ్గించడానికి విటమిన్ కె, గడ్డకట్టించే ఫ్యాక్టర్ల ఇంజెక్షన్ ఇచ్చి, రక్తం ఎక్కిస్తూ సీటీ యాంజియోగ్రామ్‌కి, అంటే రంగుమందు ఎక్కించి రక్తనాళాల బొమ్మలు తీసే స్కాన్‌కి తీసుకెళ్లారు. అందులో తొమ్మిదో పక్కటెముక కింద నుంచి వెళ్లే ధమని దగ్గర రంగుమందు నాళం దాటి బయటికి చిమ్మినట్టు ఒక తెల్లచుక్క, కొన్ని సెకన్ల తర్వాత తీసిన బొమ్మలో అదే చుక్క పెద్దదైంది. అంటే పాత రక్తం కాదు, ఇప్పుడు కారుతోంది.

ఇక్కడ సర్జన్ గారి గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఛాతీ తెరవడం ఆయన పని, ఆయనే "మీ బాబాయి గారికి ఇప్పుడు బీపీ నిలబడింది కాబట్టి ముందు రేడియాలజీ వాళ్లతో ప్రయత్నిద్దాం, కుదరకపోతే నేను రెడీగానే ఉంటాను" అన్నారు. నేను వెంటనే అడిగాను, కుదరదు అని ఎప్పుడు తేలుస్తారు అని. విసుక్కోకుండా చెప్పారు. గొట్టం వేయగానే 1500 మిల్లీలీటర్లు వచ్చేసినా, తర్వాత గంటకి 200 చొప్పున వరసగా కొన్ని గంటలు వస్తూనే ఉన్నా, మామూలుగా ఛాతీ తెరవాలనే ఆలోచిస్తారు. అంకె ఒక్కటే చూడరు, మనిషి ఎలా ఉన్నాడు, ఎక్కించిన రక్తం నిలుస్తోందా అన్నది అంతకంటే ముఖ్యం. బాబాయికి వచ్చింది ఆ గీతకి కిందే ఉంది గానీ ఆగట్లేదు. ఇలాంటి మధ్యరకం కేసుకే ఈ చికిత్స బాగా కుదురుతుంది అని నాకర్థమైంది.

అయితే ఆ ఆసుపత్రిలో ఆ రాత్రి ఎంబోలైజేషన్ చేసే డాక్టర్ లేరు. పెద్ద బోర్డు మీద 24 గంటలూ అన్ని సేవలూ అని రాసుంది, ఈ ఒక్క సేవ మాత్రం పగలేనట. అంబులెన్స్‌లో ఇంకో ఆసుపత్రికి మార్చారు, గొట్టం, సీసా, రక్తం బ్యాగు అన్నీ ఆయనతోపాటే. ఆ ప్రయాణం గురించి ఎక్కువ రాయను, టెన్షన్ తప్ప చెప్పడానికి ఏం లేదు. కానీ గుర్తుపెట్టుకోండి, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్ట్ (ఈ చికిత్స చేసే డాక్టర్) రాత్రిపూట పిలిస్తే వస్తారా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన సంగతి, బోర్డు చూసి నమ్మాల్సింది కాదు.

రెండో చోట అన్నీ చకచకా జరిగాయి. కాన్సెంట్ ఫారం తెచ్చిన డాక్టరమ్మ కాగితం తిప్పి వెనక పెన్నుతో బొమ్మ గీసి చెప్పారు. తొడ పైభాగంలో, గజ్జ దగ్గర నాడి కొట్టుకునే పెద్ద ధమనిలో సూది వేస్తారు, సూదిలోంచి సన్నటి తీగ లోపలికి పంపి, సూది తీసేసి, తీగ మీదుగా గొట్టం ఎక్కిస్తారు. 1953లో సెల్డింగర్ అనే స్వీడన్ రేడియాలజిస్ట్ చూపించిన పద్ధతి ఇది, ఇప్పటికీ దాదాపు అదే. ఆ గొట్టం మందం రెండు మిల్లీమీటర్లకి అటూఇటూ. అక్కడి నుంచి మహాధమనిలో పైకి వెళ్లి, వెన్ను పక్క నుంచి ఒక్కో పక్కటెముకకీ బయల్దేరే ధమనుల్లో మనకి కావాల్సిన దాని నోరు వెతికి, మైక్రోక్యాథెటర్ అనే ఇంకా సన్నటి గొట్టం అందులోకి పంపి, చిరిగిన చోటుదాకా వెళ్లి మూసేస్తారు. మత్తు ఆ తొడ దగ్గర చర్మానికే.

"అందులో అసలు రిస్క్ ఏంటండీ" అంటే ఆవిడ దాచలేదు. పక్కటెముకల ధమనుల్లో కొన్నింటి నుంచి వెన్నుపాముకి రక్తం వెళ్తుంది. వాటిలో పెద్దది ఆడంకివిచ్ ధమని, ఎక్కువమందిలో ఎడమవైపే, ఛాతీ భాగంలోని తొమ్మిదో వెన్నుపూస నుంచి పన్నెండో దాని మధ్య ఎక్కడో పుడుతుంది, హెయిర్‌పిన్‌లా వంపు తిరిగి వెన్నులోకి దిగుతుంది. పొరపాటున దాన్ని మూస్తే కాళ్లు చచ్చుబడే ప్రమాదం. మా కేసు ఎడమవైపు, తొమ్మిదో ధమని. అరుదే గానీ ఆ ప్రమాదం ఉంది కాబట్టే ముందు రంగుమందు కొట్టి బొమ్మ తీసి, ఆ వంపు కనపడితే దాన్ని దాటి ముందుకెళ్లాకే మూస్తాం, దాటలేకపోతే ఆపేసి సర్జన్‌ని పిలుస్తాం అన్నారు. ఆ మాట విన్నాక భయం పెరిగింది, నమ్మకం కూడా పెరిగింది. ఏ రిస్కూ లేదండీ, చిన్నదే అని ఎవరైనా అంటే నేనైతే ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను.

లోపల ఏం జరిగిందో బాబాయి చెప్పిందే. మెలకువగానే ఉన్నారు. రంగుమందు వెళ్లినప్పుడల్లా వీపు, పక్కటెముకల చుట్టూ వేడిగా ఏదో పాకినట్టుందట, నొప్పి కాదు, వేడి. "ఊపిరి బిగబట్టండి సార్... ఆ, ఇప్పుడు వదలండి" అని మైకులో మళ్లీ మళ్లీ అన్నారట. ఊపిరి ఆడకే అక్కడికొచ్చిన మనిషిని బిగబట్టమంటే ఎలా అని ఆయనకి ఇప్పటికీ కోపమే. బొమ్మ కదిలితే చుక్క కనపడదు కాబట్టి వాళ్లకి వేరే దారి లేదు. కాళ్ల వేళ్లు కదపండి అని కూడా మధ్యమధ్యలో అడిగారు, అది ఎందుకో నాకు తెలుసు, ఆయనకి తెలీదు, తెలీకపోవడమే మంచిదైంది.

బయటికొచ్చాక డాక్టర్ మమ్మల్ని లోపలికి పిలిచి స్క్రీన్ మీద ముందు, తర్వాత బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారు. ముందు బొమ్మలో పక్కటెముక కింద అంచున నల్లటి సన్నగీత, దాని మధ్యలో మసి అంటినట్టు ఒక మరక. తర్వాతి బొమ్మలో ఆ గీత సగంలో తెగింది, తెగిన చోట చుట్టచుట్టిన వెంట్రుకలాంటి చిన్న ముద్దలు రెండు, మరక లేదు. రెండెందుకు అని అడిగాను. ఈ రివ్యూలో నేను అందరికంటే ఎక్కువ చెప్పాలనుకున్న ముక్క ఇదే. పక్కటెముక ధమనికి వెనక మహాధమని నుంచి రక్తం వస్తుంది, ముందు రొమ్ముఎముక పక్కన దిగే ఇంటర్నల్ మామరీ ధమని నుంచి కూడా కలిసే శాఖ ఉంటుంది. వెనక ఒక్కచోట మూసి వచ్చేస్తే ముందు నుంచి వచ్చే రక్తం చిరుగులోంచి మళ్లీ కారుతుంది. అందుకే చిరుగుని దాటి అవతల ఒక కాయిల్ (ఆ చుట్టల పేరు అదే), వెనక్కి వస్తూ ఇవతల ఒక కాయిల్. తర్వాత ముందువైపు ధమనిలోకి కూడా వెళ్లి బొమ్మ తీసి, అటునుంచి కారట్లేదని చూసుకునే బయటికొచ్చారట. మీకు చేసే డాక్టర్‌ని రెండు వైపులా చూశారా అని అడగండి, ఏం అనుకోరు.

కాయిల్ అంటే ప్లాటినం తీగ, సన్నటి పోగులు అంటించి ఉంటాయి, లోపల వదలగానే చుట్టుకుంటుంది, దాని చుట్టూ రక్తం గడ్డకట్టి నాళం మూసుకుంటుంది. 1975 నాటికే జియాంటుర్కో ఇలాంటివి వాడటం మొదలుపెట్టారు, అప్పట్లో స్టీలు. అంటే మూసేది సగం కాయిల్, మిగతా సగం మన రక్తం గడ్డకట్టే గుణం. రక్తం పల్చబడే మందుమీద ఉన్నవాళ్లకి ముందు ఆ మందు ప్రభావం ఎందుకు తగ్గిస్తారో, అది కుదరని కేసుల్లో జిగురు ఎందుకు వాడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ జిగురు రక్తం తగలగానే తనంతట తానే గట్టిపడుతుంది, గడ్డకట్టే గుణంతో పనిలేదు, చేరలేని చోటికి పారి వెళ్తుంది, కానీ అనుకోని చోటికి కూడా పారగలదు, అందుకే చెయ్యి తిరిగినవాళ్లే వాడాలి. జెలటిన్ స్పాంజ్ ముక్కలని ఇంకో రకం ఉంది, అవి కొన్ని వారాల్లో కరిగిపోతాయి. ఏది వాడాలో మనం ఎంచుకునేది కాదు, ఏది వాడారో మాత్రం డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సొస్తే మొదట అడిగేది అదే. ఇప్పటి ప్లాటినం కాయిల్స్‌తో సాధారణంగా ఎంఆర్ఐకి ఇబ్బంది ఉండదు, అయినా కాగితం చేతిలో ఉండాలి.

ఇక తగ్గించిన స్టార్ గురించి. "రక్తం ఆగిందండీ, సక్సెస్" అని చెప్పి అందరూ మాయమయ్యారు. మేం పండగ చేసుకున్నంత పని చేశాం. తెల్లారి చూస్తే ఎక్స్‌రే ఇంకా సగం తెల్లగానే ఉంది, ఆయాసం కొంచెమే తగ్గింది. ఇదేంటి, ఫెయిలయిందా అని మా పిన్ని ఏడుపు. ఫెయిలవ్వలేదు. పగిలిన పైపుకి వాల్వు కట్టడం ఒక పని, గదిలో నిలిచిన నీళ్లు తోడటం వేరే పని. ఎంబోలైజేషన్ మొదటిదే చేస్తుంది. అప్పటికే ఛాతీలో చేరి గడ్డకట్టిన రక్తం అక్కడే ఉంటుంది, పలుచగా ఉన్నది గొట్టంలోంచి వస్తుంది, గడ్డలు రావు. కొద్దిగా మిగిలితే ఒళ్లే పీల్చుకుంటుంది, ఎక్కువ మిగిలితే చీము పట్టొచ్చు, లేదా గట్టి పొరలా పేరుకుని ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోకుండా చేయొచ్చు. ఇదంతా నాకు డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పాడు. కాన్సెంట్ ఫారం వెనక అంత బాగా బొమ్మ గీసినవాళ్లు ఈ రెండో సగం కూడా గీసుంటే ఆ ఉదయం మా పిన్ని ఏడ్చేది కాదు.

చివరికి బాబాయికి వ్యాట్స్ చేయాల్సి వచ్చింది, అంటే ఛాతీ పక్కన చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ గడ్డలు తీసేయడం. ఇది ఎంత తొందరగా చేస్తే అంత సులువు, మొదటి మూడు నాలుగు రోజుల్లో అయితే గడ్డ ఇంకా మెత్తగా ఉంటుంది, ఆలస్యమైతే అతుక్కుపోతుంది. మరి ఎలాగూ సర్జరీ చేసేటప్పుడు ఆ తొడ గాటు ఎందుకు, మొదటే ఛాతీ తెరిస్తే రెండు పనులూ ఒకేసారి అయ్యేవి కదా అని మా ఇంట్లోనే ఒకరన్నారు. ఆ ప్రశ్న న్యాయమైందే. నేను సర్జన్‌నే అడిగాను. రక్తం కారుతుండగా, బీపీ ఊగుతుండగా, వార్ఫరిన్ ఇంకా ఒంట్లో ఉండగా పక్కటెముకలు విడదీసి తెరవడం, రక్తం ఆగాక, మనిషి కుదుటపడ్డాక నెమ్మదిగా రంధ్రాల్లోంచి శుభ్రం చేయడం ఒకటి కాదన్నారు. పెద్ద కోతకి పక్కటెముకల మధ్య నరాలు నలిగి నెలల తరబడి నొప్పి మిగిలేవాళ్లున్నారు. మాకు సర్జరీ తప్పలేదు, నిజమే, కానీ పెద్దది చిన్నదైంది, హడావిడిగా చేయాల్సింది తీరిగ్గా చేశారు. నాలుగు స్టార్లు అక్కడే వచ్చాయి.

చిన్న చిన్న విషయాలు కొన్ని. గొట్టం తీశాక తొడ దగ్గర చేత్తో పావుగంటకి పైగా నొక్కిపట్టారు, తర్వాత కొన్ని గంటలు ఆ కాలు మడవకూడదు. బాబాయి నిద్రలో మడిచేస్తుంటే నర్స్ వచ్చి "సార్, కాలు చాపండి, లేకపోతే నేనిక్కడే కూర్చుంటాను" అని బెదిరించింది, ఆ అమ్మాయికి ఐదుకి ఆరు. గాటు దగ్గర వాపు, గట్టిగా ఉండ తగిలినా, పాదం చల్లబడినా వెంటనే చెప్పాలి. మణికట్టు ధమని నుంచి కూడా చేస్తారట, అప్పుడు ఈ కాలు గొడవుండదు, అన్ని కేసుల్లో కుదరదు. రంగుమందు కిడ్నీల మీద భారం కాబట్టి ముందూ తర్వాతా క్రియాటినిన్ అనే కిడ్నీల రక్తపరీక్ష చూశారు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, పాత అలర్జీలున్నవాళ్లు ఆ విషయం వాళ్లు అడిగేదాకా ఆగకుండా చెప్పేయండి. మూసిన చోట ఒకట్రెండు రోజులు నొప్పి, కొద్దిగా జ్వరం మామూలే అన్నారు. మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు, పీలిస్తే బంతులు పైకి లేవాలి. విరిగిన పక్కటెముకలతో అది నరకం, అయినా మానకూడదు, లోతుగా పీల్చకపోతే ఊపిరితిత్తి అడుగుభాగం ముడుచుకునే ఉండి న్యుమోనియాకి దారిస్తుంది. నొప్పి మందు వేసిన అరగంటకి చేయిస్తే రెండో బంతిదాకా వెళ్లేవారు, మందుకి ముందు చేయిస్తే మొదటిదే కదిలేది కాదు.

ఇది ఎవరికి కాదో కూడా చెప్పాలి. రక్తం ధారలా పోతూ బీపీ అసలు నిలబడని మనిషిని రేడియాలజీ గదికి తీసుకెళ్లడం టైం వేస్ట్, నేరుగా ఆపరేషన్ థియేటరే. గుండెకో, ఊపిరితిత్తి మొదట్లో ఉండే పెద్ద నాళాలకో దెబ్బ తగిలితే కాయిల్స్‌తో అయ్యే పని కాదు. మహాధమనే చిరిగితే దాన్ని మూయలేరు కదా, అక్కడ లోపలి నుంచి గుడ్డ తొడుగున్న స్టెంట్ వేస్తారు, అదీ ఇలా తొడ దగ్గర నుంచే, కానీ అది వేరే చికిత్స. దగ్గుతో రక్తం పడేవాళ్లకి ఊపిరితిత్తుల బ్రాంకియల్ ధమనుల్లో చేసేది మాత్రం దీనికి దగ్గర చుట్టమే, 1970ల నుంచి చేస్తున్నారు, అక్కడ కాయిల్స్ కంటే సన్నటి రేణువులు ఎక్కువ వాడతారు, వెన్నుపాము భయం అక్కడా ఉంటుంది. ఏ దెబ్బా లేకుండా ధమని పగిలినవాళ్లు ఒకటి మూసేశారు కదా అని ఊరుకోకుండా ఎందుకు పగిలిందో తేల్చుకోవాలి, నాళాల గోడలు బలహీనంగా ఉండే జబ్బైతే ఇంకోచోట కూడా పగలొచ్చు, కొందరిలో గొట్టం పంపడమే నాళాన్ని చింపేంత సున్నితంగా ఉంటాయట.

మాకు ఆఖరిగా మిగిలిన తలనొప్పి వార్ఫరిన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. ఆపేస్తే గుండెలో గడ్డ కట్టి పక్షవాతం భయం, మొదలుపెడితే మళ్లీ ఛాతీలో కారుతుందని భయం. రేడియాలజీ వాళ్లు కార్డియాలజిస్ట్‌ని అడగమన్నారు, కార్డియాలజిస్ట్ సర్జన్‌ని అడగమన్నారు. చివరికి ముగ్గురి చీటీలూ ఒకే ఫైల్లో పెట్టి సర్జన్ ముందు కూర్చుంటే, ఆయన మిగతా ఇద్దరికీ మా ముందే ఫోన్ చేసి తేదీ ఖాయం చేశారు. డిశ్చార్జ్ కాగితంలో ఆ తేదీ, తర్వాత ఐఎన్ఆర్ (రక్తం ఎంత పల్చబడిందో చెప్పే పరీక్ష) ఎప్పుడు చూపించాలి, ఎవరికి చూపించాలి అన్నది రాయించుకోకుండా మంచం ఖాళీ చేయకండి.